మా ప్యాసింజరు ఇంజన్‌కు అటుపక్క

పోయిన ఆదివారం మా అక్క కొడుకు పట్నం నుంచి ఒక డబ్బా పట్టుకుని వచ్చాడు. పురిటిబిడ్డను దవాఖాన నుంచి ఇంటికి తెచ్చేవాళ్ళు కూడా అంత జాగ్రత్తగా అడుగు వేయరు. బల్ల మీద దుప్పటి పరిపించి, దాని మీద కొత్త తువ్వాలు వేయించి, నా చేత సబ్బుతో రెండుసార్లు చేతులు కడిగించి, ఊపిరి కొంచెం నెమ్మదిగా పీల్చుకొమ్మని హెచ్చరించి, అప్పుడు మూత తీశాడు. లోపల స్పాంజి గూట్లో జానెడు పొడుగున్న డీజిల్ ఇంజన్ పడుకుని ఉంది. కొత్తగా వచ్చిన బొమ్మట. బొమ్మ అనకూడదట, మోడల్ అనాలట. అసలు ఇంజన్‌ను ఎనభై ఏడో వంతుకు కుదించి చేశారట. ముందు దీపం వెలుగుతుంది, కడుపులో ఉన్న స్పీకరు డుగుడుగుమంటుంది, డ్రైవరు గదిలో ఆవగింజంత తలకాయతో ఒక డ్రైవరు ఆరు నెలలుగా జీతం రానట్టు మొహం పెట్టుకుని కూర్చున్నాడు. మా వాడు దాన్ని నా కళ్ళ ముందు అటూ ఇటూ తిప్పి, "చూడు మామా, అసలుదానికి దీనికి రవ్వంత ఫరక్ లేదు. ఎటుపక్కకెల్లన్న చూసుకో," అన్నాడు.

నాకు నవ్వాగలేదు. వంటింట్లో మా ఆవిడ కూడా నవ్వుతున్నట్టు గిన్నెల చప్పుడు బట్టి తెలిసింది. పిల్లవాడు చిన్నబోయాడు. వాడి తప్పేం లేదు. పాసు జేబులో పెట్టుకుని రోజూ ప్యాసింజరెక్కి నౌకరీకి పోయివచ్చిన మా ఈడువాళ్ళకు తప్ప ఆ నవ్వు సంగతి ఎవరికీ అర్థం కాదు కాబట్టి, మీకు చెబుతున్నాను.

రాష్ట్రం వచ్చిన కొత్తల్లో నేను షాద్‌నగర్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. మా ఊరు జడ్చర్లకూ షాద్‌నగర్‌కూ నడుమ ఒక హాల్టు. హాల్టు అనగానే ఏదో ఊహించుకోవద్దు. ఒక్కటే లైను, దానికి తూర్పున ఒక్కటే ప్లాట్‌ఫారం, ప్లాట్‌ఫారం మీద ఒక రేకుల నీడ, ఆ నీడ కింద ఎండాకాలంలో వందమందీ, వానాకాలంలో వందమందీ నలభై మేకలూ. బండి అక్కడ ఒక్క నిమిషం ఆగేది. ఆ ఒక్క నిమిషంలో పాలక్యాన్లు ఎక్కేవి, కూరగాయల గంపలు ఎక్కేవి, అత్తింటికి పోయే ఆడపిల్ల సాగనంపడాలన్నీ అయిపోయేవి, ఒకసారైతే కిటికీకి అటొకరు ఇటొకరు నిలబడి పెండ్లి సంబంధం కూడా ఖాయం చేసుకున్నారు. ఆ ఇద్దరూ ఇప్పటికీ బాగానే ఉన్నారు, అంతకన్నా ఎక్కువ సేపు ఆలోచించి చేసుకున్న పెళ్ళిళ్ళు ఏమయ్యాయో మీకు తెలుసు.

ఆ బండికి ముందుండేది మా ఇంజన్. ఒంటి మీద డబ్ల్యూడీఎం-3ఏ అని దాని జాతి పేరు రాసి ఉండేది గానీ, మా బోగీలో ఎవరూ ఆ పేరు పలికిన పాపాన పోలేదు, అందరికీ అది 'మనది'. షెడ్డులో ఇంజన్లు మారుతుంటాయని నాకు తెలియకపోలేదు, అయినా ఏడాదిలో ముప్పాతిక రోజులు మాకు వచ్చింది అదే. హాల్టులో నిలబడి ఉన్నప్పుడు దాని గుండె అదురుకు చాయ్ హోటల్లో గ్లాసులు బల్ల మీద ఈ కొస నుంచి ఆ కొసకు వాటంతట అవే నడిచిపోయేవి, హోటలాయన ఏ గ్లాసు ఎవరికో చెప్పి వదిలేసేవాడు. కదిలేటప్పుడు అది వదిలే నల్లపొగకు పొద్దు గూకిందనుకుని పొద్దున ఏడింటికే మా ఊరి కోళ్ళు మళ్ళీ గూళ్ళల్లోకి పోయి పడుకునేవి. దానికి డ్రైవరు గదికి ఒక దిక్కు పొట్టి ముక్కు, రెండో దిక్కు పొడుగు ముక్కు. పొద్దున పట్నం దిక్కు పోయేటప్పుడు పొట్టి ముక్కు ముందుండేది, సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు పొడుగు ముక్కు ముందుండేది. ఎందుకంటే ఇంజన్‌ను గుండ్రంగా తిప్పి పెట్టేవారు కాదు, బండి ఈ కొస నుంచి విప్పి ఆ కొసకు తగిలించేవారు, అంతే.

ఇక్కడ జర ఆగి ఈ ముచ్చట మనసులో పెట్టుకోండి. ఇంజన్ తిరగకపోతే, అది ఎటు పోయినా దాని తూర్పు పక్క తూర్పుకే ఉంటుంది. మా ప్లాట్‌ఫారం కూడా తూర్పునే. కాబట్టి పొద్దున చూసినా సాయంత్రం చూసినా, ఏళ్ళ తరబడి మాకు కనిపించింది ఆ ఇంజన్‌కు ఒక్క పక్కే. షాద్‌నగర్‌లో దిగగానే ఇంజన్‌కు వీపు పెట్టి ఫ్యాక్టరీ బస్సు కోసం ఉరికేవాళ్ళం, సాయంత్రం అదే ఉరుకుతో వచ్చి మా బోగీలో పడేవాళ్ళం. ఆదివారం ఆ బండి వేళకు నేను ముసుగులో ఉండేవాణ్ణి. గూడ్సుల ఇంజన్లు ఎట్లంటే అట్లా తిరిగి వచ్చేవి నిజమే గానీ, ఆగకుండా పోయే ఇంజన్లను మా ఊళ్ళో ఎవరూ ఇంజన్ల లెక్కలో వేయరు.

ఇట్లా ఉండగా ఒకనాడు లైను పక్కన ఇనుప స్తంభాలు తెచ్చి పడేశారు. కరెంటు తీగలు వస్తాయన్నారు, డీజిల్ ఇంజన్లు పోతాయన్నారు. ఆనాడు బోగీలో ఎవరూ పేకముక్కలు తీయలేదు. అందరి మొహాలు చూసి నా నోరు ఊరుకోలేదు. మన ఇంజన్‌ను నేను చేసి చూపిస్తానన్నాను. పట్నంలో బొమ్మరైళ్ళ వాళ్ళ సంఘం ఒకటుందనీ, ఏటా పట్టాలు పరిచి ప్రదర్శన పెడతారనీ, వాళ్ళ పట్టాల మీద నలుగురి ముందూ మనదాన్ని నడిపిస్తాననీ, ఆ తరువాత ఎన్ని తీగలు వేసుకున్నా దాని పేరు చెరిగిపోదనీ ప్రకటించాను. మా బోగీకి పెద్ద ఒకాయన ఉండేవాడు, ఫ్యాక్టరీలో ఫిట్టరు, ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆయన తువ్వాలు వేసి నిర్ణయిస్తే అదే చట్టం. ఆయన నా మాట అంతా విని మెల్లగా అన్నాడు.

"మాటిచ్చినవ్ తమ్మీ. నడ్వకపోతె ఏం జేద్దాం?"

"నడ్వకపోతె నా కిటికీ సీటు ఇడ్సిపెడ్త అన్నా."

"అందరిన్నరు గదా. గప్పుడు డోరు కాడ నిలవడుడే, మళ్ళ నడుము నొస్తాందని అనొద్దు."

మీరు నవ్వుకోవచ్చు. కానీ ఏళ్ళ తరబడి సంపాదించిన కిటికీ సీటు అంటే ఏమిటో పాసు బోగీలో నిలబడి పోయినవాడికి తెలుస్తుంది. పొలం పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు.

కొలతలకు నా దగ్గరున్నది ఒక్క నిమిషం. మా బాపు గొంగడి నేయడానికి దాచుకున్న నల్ల ఉన్నితాడు ఒకటి తీసి, జానెడుకొక ముడి వేసి, ఇంజన్ పక్కగోడకుండే తలుపో, గాలి ఆడే ఇనుప జాలీయో, నిచ్చెన మెట్టో రోజుకొకటి కొలుచుకునేవాణ్ణి. మొదట్లో డ్రైవర్లు కసిరారు, నెల తిరిగేసరికి తాడు రెండో కొస వాళ్ళే పట్టుకునేవారు. ఉన్నితాడు కదా, వాన రోజుల్లో సాగేది, అందుకని వానాకాలం కొలిచిన తలుపులు కొంచెం ఒళ్ళు చేసినట్టు ఉండేవి, ఎండాకాలంలో కొలిచినవి చిక్కిపోయి ఉండేవి. వాటికి సగటు కట్టడానికి నేను చేసిన లెక్కలతో ఒక ఆనకట్ట కట్టవచ్చు. నూనె డబ్బా రేకు కత్తిరించి ఒళ్ళు చేశాను, పట్నంలో పాడైన బొమ్మరైలు ఒకటి దొరికితే దాని మోటారూ చక్రాలూ కింద బిగించాను. పక్క గోడకు అట్టముక్క మీద ఒక నమూనా గీసి, దాన్నే రెండుసార్లు రేకు మీద పెట్టి కోశాను. ఒకటి ఇటుపక్కకు, ఒకటి అటుపక్కకు. పని సగానికి సగం తగ్గిందని ఆ పూట నన్ను నేనే మెచ్చుకున్నాను.

మా మేకల మేత పట్టాలకు పడమట, బోడగుట్ట దిక్కు. నేను బండెక్కడానికి పోకముందే మా ఆవిడ మేకలు తోలుకుని పట్టాలు దాటిపోయేది, సాయంత్రం బండి వచ్చిపోయాక మళ్ళీ దాటి వచ్చేది. ఒకరోజు కల్లంలో కూర్చుని నేను రంగు వేస్తుంటే ఆమె వచ్చి, ఇంజన్‌ను చేతిలోకి తీసుకుని, మేకపిల్లను చూసినట్టు తిప్పి తిప్పి చూసింది.

"గీ పక్క బాగనే ఉంది. గా పక్క గిట్లుండది బావా."

"నీకేం ఎర్క? నువ్వు ఆ బండెక్కింది మూడుసార్లు."

"ఎక్కలే గని సూసిన. మ్యాకల కాడ కూసొని దినాం రెండుసార్లు సూస్త. గాడ గీ తలుపు లేదు. గాడ జాలీ ఉంటది."

"ఇంజన్ ముచ్చట మాకు వదిలిపెట్టు, మ్యాకల ముచ్చట నువ్వు చూసుకో."

ఆమె ఇంకొక్క మాట అనలేదు. ఇంజన్ నా ఒళ్ళో పెట్టి పాలు పిండడానికి పోయింది. ఆ రోజు ఆమె అనని ఆ మాటలన్నీ ఆ తరువాత ఇన్నేళ్ళలో విడివిడిగా అన్నది, ఒక్కటి కూడా వృథా పోనివ్వలేదు.

ప్రదర్శన నాడు ఆదివారమైనా మా బోగీ బోగీ మొత్తం కదిలింది. సద్దులు కట్టుకుని, పెండ్లాం పిల్లలతో, పెండ్లికి పోయినట్టు పట్నం పోయాం. ఒక బడి హాలులో నాలుగు మంచాలంత జాగాలో బల్లలు కలిపి, వాటి మీద గుండ్రంగా పట్టాలు పరిచారు. వలయం మధ్యలో సంఘం వాళ్ళు నిలబడి మీటలు తిప్పుతుంటారు, జనం బయట నిలబడి చూడాలి. వాళ్ళ ఇంజన్లన్నీ డబ్బాల్లోంచి తీసిన కొత్తవి, కళ్ళు చెదిరే రంగులు, ఒక్కొక్కదాని వెనక అసలు ఇంజన్ ఫోటో నిలబెట్టారు. చేతితో చేసిన ఇంజన్లు పట్టాలెక్కాలంటే అసలుదానితో పోలిక కుదరాలి, కుదిరిందో లేదో చూడటానికి భూతద్దం పట్టుకుని ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఏదో డీజిల్ షెడ్డులో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన మనిషట. ఇంజన్ చేతికి ఇవ్వగానే తూర్పు పక్క చూసి ఆయన మొహం వెలిగిపోయింది. తలుపుల గడియలు లెక్కపెట్టాడు, మెట్లు తడిమాడు, చాలా బాగుందన్నాడు. మా వాళ్ళు ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. అప్పుడు ఆయన ఇంజన్‌ను తిప్పాడు.

మళ్ళీ ఇటు తిప్పాడు, మళ్ళీ అటు తిప్పాడు. తరువాత కళ్ళజోడు సవరించుకుని అడిగాడు.

"ఇదేమిటండీ, రెండు పక్కలూ ఒకేలా ఉన్నాయి?"

"మరి రెండు పక్కలు ఒక్కతీరుగ గాక ఎట్లుంటయ్ సార్? బర్రెకు ఎడమపక్క ఒకతీరు, కుడిపక్క ఒకతీరు ఉంటదా?"

పాపం ఆయన కోప్పడలేదు. ఫోటో తీసి నా ముందు పెట్టాడు. అందులో అదే జాతి ఇంజన్ రెండో పక్క ఉంది. తలుపుల వరుస వేరు, జాలీ ఉన్న చోటు వేరు. నా జన్మలో నేను చూడని పక్క అది. పోలిక లేని ఇంజన్ పట్టాలెక్కదని ఆయన ఎంతో నొచ్చుకుంటూ చెప్పి, కావాలంటే పక్క బల్ల మీద పెట్టుకోవచ్చన్నాడు. ఆ బల్ల మీద 'పిల్లల ఆటబొమ్మలు' అని కాగితం అంటించి ఉంది. ప్లాస్టిక్ బస్సుకూ గాలి పోయిన ఏనుగుకూ నడుమ నా ఏడాది కష్టాన్ని పెట్టి నిలబడ్డాను. వెనక్కి తిరిగి మా వాళ్ళను చూసే ధైర్యం లేదు. కిటికీ సీటు పోయిందన్న బాధ కన్నా, ఇంత దూరం సద్దులు మోసుకుని వచ్చిన ఆ ముప్పైమంది మళ్ళీ ఇంజన్‌ను నడవగా చూడకుండానే ఊరికి పోవాలి కదా అన్నదే పెద్ద బాధ.

అప్పుడు మా ఫిట్టరన్న ముందుకు వచ్చాడు. సీటు లాక్కుంటానన్న మనిషే నా తరఫున వాదనకు దిగాడు.

"సార్, మీ పట్టాలు గుండ్రంగ ఉన్నయి. ఇంజన్ ఎన్ని సుట్లు తిరిగినా బయటికి కనబడేది ఒక్కటే పక్క. ఔనా? గా మంచిపక్కనే మాకెళ్ళి పెట్టి నడిపియ్యుండ్రి. మా ఊర్ల మేం సూసేది గూడ గంతే."

"మరి లోపల మేము నిలబడి ఉన్నాం కదండీ. మాకు రెండో పక్కే కనిపిస్తుంది."

దానికి జవాబు వెనక నుంచి వచ్చింది. మా ఆవిడ చంకలో సద్దిమూట పెట్టుకుని ఆ పెద్దాయన ముందు నిలబడి, నా దిక్కు కన్నెత్తి కూడా చూడకుండా చెప్పింది.

"గా పక్క నాకెర్క సార్. నేను జెప్త, ఈయన జేస్తడు. మీరు ఫోటువ మీ కాన్నే ఉంచుకోండ్రి, నాకు జూపియ్యొద్దు."

పెద్దాయన భూతద్దం కింద పెట్టాడు. మేము హాలు మెట్ల మీద కూర్చున్నాం. ఫిట్టరన్న సంచిలో ఎవరిదో పెండ్లి కార్డు ఉంటే దాన్ని చించి అట్ట చేశాం, సద్దిలోని అన్నం మెతుకులు నలిపి జిగురు చేశాం, సంఘం వాళ్ళు చిన్న రంగు సీసాలు ఇచ్చారు. ఆమె చెబుతూ పోయింది, నేను కోస్తూ అంటిస్తూ పోయాను. డ్రైవరు గది నుంచి మొదటిది ఇరుకు తలుపు. దాని పక్కన జాలీ, జాలీకి కింద రెండు పట్టీలు వంగి ఉంటాయి. ఆ తరువాత రెండు తలుపులు జోడు. పెద్దాయన మా వెనక నిలబడి ఫోటో చూసుకుంటూ ఒక్కొక్కదానికీ తల ఊపుతున్నాడు. ఏనాడూ నా మాటకు ఎవరూ అన్నిసార్లు తల ఊపలేదు. నాలుగో తలుపు దగ్గర ఆమె ఆగి, దాని కింది సగం పచ్చరంగు వేయమంది.

"పచ్చరంగు ఫోటోలో లేదమ్మా," అన్నాడు పెద్దాయన.

"మీ ఫోటువల ఉన్నది వేరే ఇంజన్ సార్. నేను మా ఇంజన్ ముచ్చట జెప్తున్న. దానికి గాడ పచ్చదే ఉంటది, తీగెతోని కట్టి ఉంటది."

ఒక ఇంజన్ తలుపు పాడైతే ఇంకో ఇంజన్ తలుపు తెచ్చి బిగించడం షెడ్డులో ఉన్నదేననీ, రంగు వేసే తీరిక లేక అట్లాగే పంపిన రోజులున్నాయనీ ఆయన నెమ్మదిగా ఒప్పుకున్నాడు. తరువాత తన చేత్తోనే పచ్చరంగు సీసా మూత తీసి ఇచ్చాడు.

ఆ సాయంత్రం మా ఇంజన్ పట్టాలెక్కింది. సంఘం వాళ్ళ నీలి బోగీలు ఐదు దాని వెనక తగిలించారు. పెద్దాయన మా ఆవిడను వలయం లోపలికి పిలిచి తన పక్కన నిలబెట్టుకున్నాడు. నేను బయట మా వాళ్ళతో నిలబడ్డాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరు చెప్పారో తెలియదు గానీ, ఇంజన్ కదలగానే మా బోగీ వాళ్ళందరూ సంచులు భుజానికి తగిలించుకుని, పిల్లల రెక్కలు పట్టుకుని, హాల్టులో నిలబడినట్టు వరుసగా నిలబడ్డారు. అది ఇటునుంచి పోయింది, అటునుంచి వచ్చింది. నాకు తెలిసిన పక్కను నేను చూస్తున్నాను, తనకు తెలిసిన పక్కను ఆమె చూస్తోంది. మూడో చుట్టులో మెతుకు ఆరి పచ్చ తలుపు ఊడి వేలాడింది. ఆపమంటారా అని పెద్దాయన అడిగితే, అసలుది కూడా అట్లనే ఊడేదని ఆమె చెప్పిందట, నడవనిచ్చారు. పన్నెండు చుట్లు తిరిగింది. నేను అందరికీ నలభై అని చెబుతాను, మీకు కాబట్టి నిజం చెప్పాను.

కొత్త మోడళ్ళు బాగుండవని నేను అనను. మా అక్క కొడుకు డబ్బాలోనిది నా రేకు ముక్క కన్నా నూరు వంతులు నయం. కానీ రవ్వంత ఫరక్ లేదని మాత్రం నా ముందు అనవద్దు. ఆ జాతి ఇంజన్లన్నిటికీ కలిపి ఒక పోలిక ఉంటే ఉండవచ్చు, మా ఊళ్ళో ఆగిన ఇంజన్‌కు ఒక పక్కకు ముప్పైమంది సాక్షులున్నారు, రెండో పక్కకు ఒక్కతే ఉంది, ఆమె మాటను షెడ్డులో ముప్పై ఏళ్ళు చేసినాయనే కాదనలేకపోయాడు. ఇక ఫోటో తెచ్చి చూపించేవాళ్ళు ఎంత పెద్దవాళ్ళయినా నేను వినను.

నా కిటికీ సీటు నాకు దక్కింది. దక్కినా అనుభవించింది కొద్దికాలమే. తీగలు పడ్డాయి, రెండో లైను పడింది, మా ఇంజన్ ఒక శనివారం పోయి మళ్ళీ రాలేదు. ఎటు పంపారని అడిగితే డ్రైవర్లు ఒక్కొక్కరు ఒక్కొక్క ఊరు చెప్పారు, తుక్కుకు పోయి ఉంటుందని చెప్పడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. ఇప్పుడు వచ్చే కరెంటు ఇంజన్‌కు రెండు కొసలా ఒకటే మొహం, పొగ లేదు, అదురు లేదు, కోళ్ళకు సుఖంగా ఉంది. ఆ తరువాత బండి మా హాల్టులో ఆగడం మానేసింది. పాసు బోగీ వాళ్ళం చెల్లాచెదురయ్యాం, కొందరు మోటారు సైకిళ్ళ మీద హైవే పట్టారు, ఫిట్టరన్న షాద్‌నగర్‌లోనే కిరాయికి దిగాడు. ఏళ్ళ తరబడి మోకాళ్ళు మోకాళ్ళు తగిలేటట్టు కూర్చున్న మనుషులం, ఇప్పుడు ఎవరి పెండ్లికో కలిస్తే ఫోన్ నంబర్లు అడిగి రాసుకుంటున్నాం.

నెల కింద ఒక సాయంత్రం మా ఆవిడ వెంట నేను కూడా మేకల దిక్కు పోయాను. పట్టాలకు పడమట ఆమె రోజూ కూర్చునే బండ ఒకటుంది, ఇద్దరం దాని మీద కూర్చున్నాం. ఎదురుగా, రెండు లైన్లకు అవతల మా ఊరు. పుట్టి బుద్ధెరిగి ఇన్నేళ్ళలో ఆ వైపు నుంచి ఊరిని నిలకడగా చూసింది లేదు. హాల్టు రేకుల నీడ ఇంత చిన్నదా అనిపించింది. రెండు వేపచెట్ల సందులోంచి మా ఇంటి గోడ, గోడ మీద ఆరేసిన నా అంగీ కూడా కనిపిస్తాయని నాకు తెలియదు. ఆమెకు తెలుసు.

"పెండ్లి గాకముందు గుట్టవతల మా అవ్వగారింటి మ్యాకలు తోల్కొచ్చి గీడ కూసొని, గా ఇంట్ల ఎవరుంటరో అనుకునేదాన్ని," అంది.

నేను మేకల దిక్కు చూశాను. పట్నం వైపు నుంచి కరెంటు బండి ఒకటి వచ్చి, మాకూ మా ఊరికీ నడుమ నుంచి కిటికీలన్నీ ఒకే గీతలా దూసుకుపోయింది. ఆగలేదు. మేమూ దానికోసం లేవలేదు.